చర్మానికీ అన్నం పెట్టాలి

మీ ముంజేతి పైభాగాన్ని ఒకసారి చూసుకోండి. తర్వాత చెయ్యెత్తి, మోచేతికీ చంకకూ మధ్య లోపలి వైపు చర్మాన్ని చూడండి. రెంటి వయసూ ఒకటే. అయినా పైది ముదిరి, మచ్చలు పడి, సన్నటి గీతలు తేలి ఉంటుంది. లోపలిది ఇంకా లేతగానే ఉంటుంది. యాభై దాటినవాళ్లలో ఈ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. జనగామలోనూ మహబూబాబాద్‌లోనూ డిగ్రీ పిల్లలకు ఆహారశాస్త్రం చెప్పినన్నాళ్లూ చర్మం పాఠాన్ని నేను ఈ పరీక్షతోనే మొదలుపెట్టేదాన్ని.

పాఠం అయ్యాక ఆడపిల్లలు ఒక్కొక్కరే దగ్గరికొచ్చి అడిగేవాళ్లు. “మా అమ్మకు నలభై ఏండ్లే మేడం. బస్సుల కూసుంటే మా నాయనమ్మ అనుకుంటున్నరు. ఏ క్రీం కొనియ్యమంటరు?” పత్తి తీసి, మిరప ఏరి, నాట్లు వేసి వాళ్లను కాలేజీకి పంపిన తల్లులు వాళ్లు. ఆ ప్రశ్నను నేనెప్పుడూ తేలిగ్గా తీసుకోలేదు.

దానికి జవాబు క్రీముల అంగట్లో కన్నా హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో ఎక్కువ దొరుకుతుంది. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ బెరిబెరి వ్యాధి మీద పరిశోధనకు పెట్టిన చిన్న విభాగమది. 1958లో హైదరాబాద్‌కు వచ్చింది, 1969 నుంచి ఇప్పటి పేరుతో నడుస్తోంది. జొన్న, పసుపు, ఉసిరి, జీలకర్ర వంటి మన చేన్ల, అడవుల, పోపుడబ్బాల సరుకుల మీద అక్కడి శాస్త్రవేత్తలు ఏళ్లకేళ్లు పనిచేశారు. వాళ్ల పరిశోధనలు చదివి, పాఠాలుగా చెప్పిన నాకు తేలిందొక్కటే: చర్మానికి బయటి నుంచి నీడ, లోపలి నుంచి తిండి అందాలి. ఆ రెండూ లేనప్పుడు ఏ పూతా నిలబడదు.

చర్మం ఎందుకు ముదురుతుంది?

పైకి కనిపించే పలచటి పొర కింద మందమైన పొర ఇంకొకటి ఉంటుంది. దానికి బిగువునిచ్చేది కొలాజెన్ అనే ప్రొటీన్. పెద్దవాళ్లయ్యాక ఇది ఏటా సుమారు 1 శాతం చొప్పున తగ్గుతూ వస్తుంది. ఈ తరుగుదల అందరికీ తప్పదు. అయితే దీన్ని వేగంగా నడిపించే శక్తులు రెండున్నాయి.

మొదటిది ఎండ. సూర్యకాంతిలోని యూవీ-ఏ కిరణాలు చర్మం లోపలి పొర దాకా దిగి, కొలాజెన్‌ను కోసే ఎంజైములను రేపుతాయి. కిటికీ అద్దం కూడా వీటిని పూర్తిగా ఆపలేదు. 2012లో అమెరికాలోని ఒక వైద్య పత్రిక 69 ఏళ్ల లారీ డ్రైవర్ ఫొటో ప్రచురించింది. ఆయన 28 ఏళ్లు లారీ తోలాడు. అక్కడ డ్రైవర్ సీటు ఎడమవైపు ఉంటుంది కాబట్టి కిటికీ పక్కనున్న ఎడమ చెంప అంతా లోతైన ముడతలతో వేలాడుతోంది. కుడి చెంప మాత్రం పదిహేను, ఇరవై ఏళ్లు చిన్న మనిషిదనిపిస్తుంది. ఒకే ముఖం, ఒకే తిండి, ఒకే వయసు. తేడా అంతా ఎండదే.

రెండోది చక్కెర. పాలు మరిగి కోవా అవుతున్నప్పుడు గోధుమరంగు తిరుగుతుంది. రొట్టె పెనం మీద ఎర్రబడుతుంది. ప్రొటీన్‌కు చక్కెర అతుక్కోవడం వల్ల వచ్చే రంగది. ఫ్రాన్స్‌కు చెందిన లూయీ కమీల్ మయార్ 1912లో ఈ చర్యను వివరించాడు. మన ఒంట్లోనూ ఇదే చర్య జరుగుతుంది, కాకపోతే చాలా నెమ్మదిగా. రక్తంలోని చక్కెర కొలాజెన్ పోగులకు అతుక్కుని, ఒకదానితో ఒకటి ముడివేసి, సాగే గుణాన్ని చంపేస్తుంది. చర్మంలో ఉన్న కొలాజెన్‌లో సగం మారడానికి సుమారు 15 ఏళ్లు పడుతుంది. కాబట్టి ఇవాళ పడిన ముడి అంత త్వరగా విడిపోదు. మధుమేహం ఏళ్ల తరబడి అదుపులో లేనివాళ్ల చర్మం బిరుసెక్కడానికి ఇదొక కారణం.

జొన్న తిన్న ఒంటికి ఎండ పడని రోజులు

తిండికీ ఎండకూ చర్మం మీద ఉన్న లంకె మన తెలంగాణలోనే ఒకప్పుడు కళ్లారా కనిపించింది. దాని పేరు పెల్లాగ్రా.

జనగామ చుట్టుపక్కల మెట్ట ఊళ్లలో ఒక తరం కిందటి దాకా పొద్దున జొన్న గటక, మాపున జొన్నరొట్టె. పప్పు, పాలు, కూర పుష్కలంగా ఉన్న ఇంట్లో జొన్న బలమైన తిండే. కానీ పేద ఇళ్లలో గటకలోకి పచ్చిపులుసు, కారం తప్ప ఏమీ ఉండేది కాదు. అలాంటివాళ్లలో కొందరికి ఎండ తగిలే చోటల్లా, అంటే చేతుల మీద, పాదాల మీద, మెడ చుట్టూ హారంలా, చర్మం నల్లబడి, మందమై, పొట్టు లేచేది. తర్వాత విరేచనాలు పట్టుకునేవి. ముదిరితే మతి చలించేది. చర్మం మీది మచ్చలను చూసి ఎండదెబ్బ అనుకునేవాళ్లు. కారణం మాత్రం కడుపులో ఉండేది. నియాసిన్ అనే బి విటమిన్ చాలకపోవడమే ఆ జబ్బు.

అమెరికాలో, యూరప్‌లో మక్కలు తిన్నవాళ్లకు పెల్లాగ్రా వచ్చేదని అప్పటికే తెలుసు. జొన్న తిన్నవాళ్లకు ఎందుకు వస్తోంది? హైదరాబాద్ పరిశోధనశాలలో డాక్టర్ సి. గోపాలన్, డాక్టర్ ఎస్.జి. శ్రీకంఠయ్య ఈ ప్రశ్న వెంట పడ్డారు. జొన్నలో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువగా ఉంటుంది. శరీరం నియాసిన్‌ను తయారుచేసుకుని వాడుకునే పనికి అది అడ్డుపడుతుందని 1960లో ‘లాన్సెట్’ పత్రికలో ప్రతిపాదించారు. ఆ వివరణ మీద తర్వాత చాలా వాదం నడిచింది, ఇతర కారణాలూ తోడయ్యాయి. వాదం ఎటు తేలినా, వాళ్లు చూపిన దారి మాత్రం నిలిచింది: చర్మం మీద కనిపించే ప్రతిదానికీ చర్మంలోనే కారణం వెతకొద్దు, పళ్లెంలోకి కూడా చూడండి అన్నది ఆ దారి.

1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం పథకం వచ్చాక జొన్న వెనక్కి పోయింది, పెల్లాగ్రా కూడా చాలావరకు కనుమరుగైంది. ఇప్పుడు చిరుధాన్యాలు మళ్లీ తింటున్నాం. మంచిదే. పక్కన పప్పో, గుడ్డో, పెరుగో, పల్లీలో పెట్టుకుని తినండి.

కన్ను చెప్పిన పాఠం

వయసు మీద పడడాన్ని ప్రయోగశాలలో ఎలా చూస్తారు? ఒక మనిషి ముడతలు పడేదాకా ముప్పై ఏళ్లు ఎదురుచూడలేరు కదా. అందుకు శాస్త్రవేత్తలకు దొరికిన కిటికీ కంటి కటకం. దాని నడిమి భాగంలో పుట్టినప్పుడు ఉన్న ప్రొటీన్లే చచ్చేదాకా దాదాపు అలాగే ఉంటాయి. వాటి చోట కొత్తవి రావు. చక్కెర అతుక్కున్నా, ఆక్సీకరణ దెబ్బ తగిలినా అక్కడే పోగుపడి చివరికి కంట్లో శుక్లంగా మారతాయి. చర్మంలోని కొలాజెన్‌ను బిరుసెక్కించే దెబ్బలు కూడా ఇవే.

పోషకాహార సంస్థలో డాక్టర్ జి. భానుప్రకాశ్ రెడ్డి బృందం ఈ దారి పట్టింది. వాళ్ల పరిశోధన పత్రాలను వరుసగా పెట్టుకుని చదివితే ఆహారశాస్త్రవేత్త జీవితం ఎలా నడుస్తుందో అర్థమవుతుంది. 2003లో పసుపులోని కర్క్యుమిన్, 2004లో ఉసిరికాయలోని టానిన్ జాతి పదార్థాలు, 2005లో మధుమేహం ఉన్న ఎలుకలకు పసుపు, 2007లో మళ్లీ ఉసిరి, 2009లో జీలకర్ర. అదే ఏడు అల్లం, దాల్చినచెక్క, మిరియాలు, జీలకర్ర వంటివి ప్రొటీన్‌కు చక్కెర అతుక్కోవడాన్ని ఎంతవరకు ఆపగలవో పరీక్షించారు. ఒక్కో సరుకుకూ ముందు పరీక్షనాళిక, తర్వాత ఎలుక, ఆ తర్వాతే మాట. ఆరేడేళ్ల పనికి మిగిలేది నాలుగైదు వాక్యాలు. ఆ వాక్యాలను మాత్రం నమ్మవచ్చు.

2005 నాటి ప్రయోగంలో మధుమేహం తెప్పించిన ఎలుకల మేతలో వంద గ్రాములకు అర గ్రాము పసుపు కలిపారు. వాటి రక్తంలో చక్కెర తగ్గలేదు, కానీ శుక్లం ముదరడం ఆలస్యమైంది. పసుపు చక్కెర జబ్బుకు మందు కాదని, చక్కెర చేసే హానికి కొంత అడ్డు కట్టగలదని దీని సారాంశం. అంతకన్నా విలువైన పాఠం 2003 నాటిది. గాలక్టోజ్ అనే చక్కెరతో శుక్లం తెప్పించిన ఎలుకలకు కర్క్యుమిన్‌ను చాలా కొద్ది మోతాదులో ఇస్తే శుక్లం ఆలస్యమైంది. దానికి ఐదు రెట్లు ఇస్తే శుక్లం మరింత త్వరగా ముదిరింది. చిటికెడు మేలు చేసింది కదా అని గరిటెడు పోస్తే మేలు పెరగదని మా పిల్లలకు ఈ ప్రయోగాన్నే చూపించేదాన్ని.

భూపాలపల్లి ఉసిరి, కేసముద్రం పసుపు

భూపాలపల్లి జిల్లాలో మహదేవపూర్ వైపు అడవుల్లో ఉసిరి, కరక్కాయ, తానికాయ, ఇప్ప అన్నీ ఉన్నాయి. ఉసిరికి చర్మంతో ఉన్న సంబంధం చాలా సూటిది. కొలాజెన్ పోగులు గట్టిగా పేనుకోవాలంటే విటమిన్ సి కావాలి. అది బొత్తిగా లేకపోతే చిగుళ్ల నుంచి రక్తం కారుతుంది, మానిన గాయాలు మళ్లీ విచ్చుకుంటాయి. స్కర్వీ అంటే అదే. పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన ఆహార పదార్థాల పట్టికలో వంద గ్రాముల ఉసిరికి 252 మిల్లీగ్రాముల విటమిన్ సి ఉంది. పాత పట్టికలో 600 అని ఉండేది. కొత్త పద్ధతులతో కొలిచాక దాన్ని సరిదిద్దారు. తగ్గిన అంకె కూడా చిన్నదేమీ కాదు. ఆడవాళ్లకు రోజుకు 65 మిల్లీగ్రాములు చాలని భారతీయ వైద్య పరిశోధన మండలి 2020లో చెప్పింది. 30 గ్రాముల ఉసిరి ముక్కలు తింటే ఆ లెక్క పూర్తవుతుంది. ఉసిరి దొరకని నెలల్లో జామకాయ ఉంది. అందులోనూ వంద గ్రాములకు 200 మిల్లీగ్రాములకు పైనే ఉంటుంది.

విటమిన్ సి ముడతలను తుడిచేస్తుందని నేననను. 2007లో వచ్చిన ఒక అధ్యయనంలో అమెరికాలోని 40 నుంచి 74 ఏళ్ల వయసున్న 4,025 మంది ఆడవాళ్ల తిండినీ చర్మాన్నీ పోల్చి చూస్తే, విటమిన్ సి ఎక్కువగా తిన్నవాళ్లలో ముడతలు తక్కువగా కనిపించాయి. లినోలియిక్ ఆమ్లం ఎక్కువగా తిన్నవాళ్ల చర్మం పొడిబారడం తక్కువ. మన నువ్వుల నూనె, పల్లీ నూనె, కుసుమ నూనె ఆ ఆమ్లానికి నిలయాలే. తిండి ఒక్కటే కారణమని ఇలాంటి పోలిక రుజువు చేయలేదు, కానీ ఏ దిక్కుకు నడవాలో చెబుతుంది.

ఇక పసుపు. మహబూబాబాద్ జిల్లా కేసముద్రం మార్కెట్‌కు సీజన్‌లో వెళితే బస్తాల నిండా పసుపే. తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి, పాలిష్ పట్టి, కాడి, గోళ అని వేరు చేసి రైతులు తెస్తారు. ఆ కొమ్ములోని పసుపు రంగే కర్క్యుమిన్. గాయాలు మానడానికి పసుపు వాడడం తమ కొత్త ఆవిష్కరణ అంటూ 1995లో అమెరికాలోని మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రం పేటెంట్ పొందితే, డాక్టర్ ఆర్.ఎ. మషేల్కర్ నాయకత్వంలోని మన సీఎస్ఐఆర్ పాత గ్రంథాలు సాక్ష్యంగా పెట్టి పోరాడి 1997లో దాన్ని రద్దు చేయించింది. అది న్యాయపోరాటం. ప్రయోగశాలలో పోరాటం ఇంకొకటి ఉంది. పోషకాహార సంస్థలో డాక్టర్ కల్పగం పొలాస, తర్వాత ఆ సంస్థకు డైరెక్టర్ అయిన డాక్టర్ కమలా కృష్ణస్వామి కలిసి 1992లో ప్రచురించిన పత్రం చూడండి. ఏళ్లుగా పొగతాగుతున్న 16 మందికి 30 రోజుల పాటు రోజుకు ఒకటిన్నర గ్రాముల పసుపు ఇచ్చారు. జన్యువులను దెబ్బతీసే పదార్థాలు వాళ్ల మూత్రంలో గణనీయంగా తగ్గాయి. ఒకటిన్నర గ్రాములంటే వంటింట్లో రోజూ పడేదానికి కాస్త అటూ ఇటూ. పొగ మానకుండా పసుపు తింటే చాలనుకోకండి. బీడీ, చుట్ట, సిగరెట్ చర్మాన్ని ముదిర్చే విషయంలో ఎండకు తోడుదొంగలు.

ఉట్టి కర్క్యుమిన్ పేగుల్లోంచి రక్తంలోకి చాలా తక్కువగా చేరుతుంది. మిరియాల్లోని పైపరిన్ తోడైతే రక్తంలో దాని స్థాయి 20 రెట్లు పెరుగుతుందని 1998లో బెంగళూరు శాస్త్రవేత్తలు మనుషుల్లో చూపించారు. మిరియాల చారులో పసుపు వేసుకుంటే మంచిదే. అదే కిటుకుతో గాఢమైన మాత్రలు చేసి అమ్ముతున్నారు. వాటిని నెలల తరబడి మింగి కాలేయం దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. పసుపును కూరలో తినండి, సీసాలో కొనకండి. పొడి బదులు కొమ్ములు కొని గిర్నీలో పట్టించుకోండి. రంగు కోసం లెడ్ క్రోమేట్ కలిపే మోసం ఉపఖండంలో పలుచోట్ల బయటపడింది, సీసం పిల్లల మెదడుకు విషం.

చపాటా ఎరుపు

వరంగల్ చపాటా మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు దక్కింది. టమాటాలా గుండ్రంగా, ఎర్రగా, కారం తక్కువగా ఉండే ఈ రకం భూపాలపల్లి చేన్లలోనూ పండుతుంది. ఆ గుర్తింపు కోసం రైతులతో పాటు మహబూబాబాద్ జిల్లా మల్యాలలోని ఉద్యాన పరిశోధన కేంద్రం కూడా శ్రమించింది. దీని విలువ అంతా రంగులో ఉంది. ఆ ఎరుపు పేరు క్యాప్సాంథిన్. క్యారెట్, టమాటా, బొప్పాయి, మునగాకు, తోటకూరల్లో ఉన్న కెరోటినాయిడ్ల కుటుంబానిదే అది. ఈ కుటుంబంలోని రంగులు తిన్నాక చర్మంలో చేరి ఎండ రేపే ఆక్సీకరణను కొంత ఆపుతాయి.

దీనికి మనుషుల మీద చేసిన పరీక్ష ఉంది. 2001లో జర్మనీ శాస్త్రవేత్తలు కొంతమందికి 10 వారాల పాటు రోజూ 40 గ్రాముల చిక్కటి టమాటా గుజ్జును నూనెతో కలిపి పెట్టారు. అతినీలలోహిత కాంతి సోకినప్పుడు వాళ్ల చర్మం కందడం 40 శాతం తగ్గింది. పది వారాలు, నూనె అనే రెండు మాటలు గుర్తుంచుకోండి. వారం రోజుల్లో ఫలితం రాదు. నూనె లేకుండా ఈ రంగులు ఒంటికి పట్టవు. మన ఇళ్లలో నూనెలో మగ్గించి చేసే టమాటా పచ్చడి, ఆకుకూర పప్పు ఈ శాస్త్రానికి సరిగ్గా సరిపోతాయి.

ఈ కుటుంబంలోని రంగును మాత్రగా మింగితే? ఆస్ట్రేలియాలోని నాంబూర్ పట్టణంలో 55 ఏళ్ల లోపు 903 మందిని నాలుగున్నరేళ్లు గమనించారు. రోజూ సన్‌స్క్రీన్ రాసుకున్నవాళ్లలో చర్మం ముదరడం, ఇష్టమున్నప్పుడు రాసుకున్నవాళ్ల కన్నా 24 శాతం తక్కువ. బీటా కెరోటిన్ మాత్రలు మింగినవాళ్లకు మాత్రం ఏ తేడా రాలేదు. 2013లో వచ్చిన ఈ ఫలితం ఎండను ఆపడం ఎంత ముఖ్యమో, మాత్రల మీద ఆశ ఎంత బలహీనమో ఒకేసారి తేల్చింది.

చొక్కా వేసుకున్న తల్లి

మహబూబాబాద్ వైపు మిరప తోటల్లో ఏరుడు నడిచే నెలల్లో ఆడకూలీలను చూడండి. చీర మీద మగవాళ్ల పాత చొక్కా నిండు చేతులది, తలకు తువ్వాల, నుదురు మూసేలా కొంగు. ఒకమ్మను నేను క్రీం గురించి అడిగితే, చొక్కా అంచు పట్టి చూపించి, “మాకు క్రీం ఏంటికి మేడం, ఈ అంగీ సాలు” అంది. ఆమె మాటలో పూర్తి శాస్త్రం ఉంది. దగ్గరగా నేసిన నిండు చేతుల నూలు బట్టను మించిన రక్షణ కూలి మనిషికి లేదు. సన్‌స్క్రీన్ రెండు గంటలకోసారి రాయాలి, చెమటకు కారిపోతుంది, ఖర్చు కూడా. అంగీకి ఆ బాధ లేదు.

ఆమెకు లేనిది రెండో సగం, లోపలి నుంచి అందాల్సిన తిండి. పొద్దున అన్నం, పచ్చడి. మధ్యాహ్నం అదే. పండు సంతరోజు. పప్పు అప్పుడప్పుడు. కొలాజెన్ తయారు కావడానికి ప్రొటీన్ కావాలి. దాన్ని పేనడానికి విటమిన్ సి కావాలి. ఎండ దెబ్బను తట్టుకోవడానికి ఆకుకూర రంగులు కావాలి. ఆ ఇంట్లో ఆడమనిషి చివర తింటుంది కాబట్టి ఆమె పళ్లెంలోకి ఈ మూడూ చివరగా, తక్కువగా వస్తాయి. నలభై ఏళ్ల తల్లి నాయనమ్మలా కనిపించడానికి కారణాలు వెతుకుతున్న పిల్లలకు నేను ఇంటికెళ్లి ముందు ఆ పళ్లెం చూడమని చెప్పేదాన్ని.

క్రీముల విషయంలో ఒక హెచ్చరిక తప్పదు. ముఖం తెల్లబడుతుందని మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే ట్యూబుల్లో కొన్నింటిలో స్టెరాయిడ్ ఉంటుంది. మొదటి వారం నునుపు వస్తుంది. నెలలు గడిచేకొద్దీ చర్మం పలచబడి, నరాలు తేలి, ఎండకు మండుతుంది. ఇలాంటి చాలా రకాలను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్రం నిబంధన తెచ్చింది. చీటీ లేకుండా ఇస్తామన్నా మీరు తీసుకోకండి.

చివరిగా కొన్ని మాటలు. కార్తీకం నుంచి మాఘం దాకా ఉసిరి చవగ్గా దొరుకుతుంది. గిరిజనులు అడవి నుంచి తెచ్చి అమ్మే కాయలను బేరమాడకుండా కొనండి. పెరట్లో ఒక మునగ, ఒక జామ నాటండి. పప్పులో ఆకుకూర, ఆకుకూరలో నూనె, చారులో పసుపూ మిరియం మానకండి. చక్కెర తగ్గించండి, బీడీ సిగరెట్ మానండి. మీ చేనుకు కూలీలను పిలిచే రైతులైతే పని పొద్దుగాలనే మొదలుపెట్టి పదకొండు నుంచి మూడింటి దాకా నీడపట్టున విరామం ఇవ్వండి, తాగడానికి నీళ్లు, తినడానికి పల్లీలో గుడ్డో పెట్టండి. కొడుకులకూ కూతుళ్లకూ ఒక మనవి: క్రీము కోసం దాచిన డబ్బుతో అమ్మకు నిండు చేతుల నూలు అంగీ ఒకటి, కిలో పప్పు, కిలో ఉసిరికాయలు కొనివ్వండి. పక్కన కూర్చుని ఆమెకు ముందు వడ్డించండి.